ఆ 86 సెంటీమీటర్ల సంగతి

2020 డిసెంబరు 8న నేపాల్, చైనా ఏకకంఠంతో ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. అంతకుముందు ఆరు దశాబ్దాలుగా పిల్లలు బట్టీ పట్టింది 8,848. అంటే రెండు దేశాల ఇంజనీర్లు, ఉపగ్రహాలు, రాడార్లు కలిసి తేల్చిన కొసరు 86 సెంటీమీటర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వేవాళ్లకు ఆ ఎలుక ఖరీదు తెలియదు. నేపాల్ వైపు నుంచి వసంతకాలంలో ఎక్కే విదేశీయుడికి పర్మిట్ 15,000 డాలర్లు. బేస్ క్యాంప్ 5,364 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి ఎక్కాల్సింది 3,484.86 మీటర్లే. మీటరుకు 4 డాలర్ల 30 సెంట్లు. ఈ లెక్కన పాత ఎత్తుకే డబ్బు కట్టి ఎక్కినవాళ్లు ప్రభుత్వానికి తలా 3 డాలర్ల 70 సెంట్లు బాకీ. ప్రభుత్వం పెద్దమనసుతో ఆ బాకీ వదిలేసి, 11,000గా ఉన్న రుసుమును 2025 సెప్టెంబరు నుంచి 15,000 చేసి సరిపెట్టుకుంది.

ఆ కొసరు ఎంత కష్టార్జితమో కూడా చెప్పుకోవాలి. 1849లో నేపాల్ లోపలికి సర్వేవాళ్లకు అనుమతి లేదు. కోణాలు కొలిచే థియోడొలైట్ ఒక్కోటి మోయడానికి డజను మంది కావాల్సిన కాలం. బీహార్ మైదానాల్లో నిలబడి, 160 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శిఖరానికి కోణాలు తీశారు. అంత దూరం నుంచి చూస్తే భూమి గుండ్రం వల్లే కొండలో రెండు కిలోమీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది. కోణంలో ఒక్క సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు, తప్పితే ఎత్తులో 78 సెంటీమీటర్లు తేడా. మనం ఇప్పుడు పండగ చేసుకుంటున్న కొసరంతా దాదాపు ఆ ఒక్క సెకనులో ఇమిడిపోతుంది. దానికి తోడు గాలి చూపును వంచి శిఖరాన్ని నూరు మీటర్లకు పైగా ఎత్తి చూపిస్తుంది, అదీ పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా. ఇక మేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే సర్వేకూ ఆధారం. హిమాలయాల బరువు ఆ గుండును తన వైపు లాక్కుంటుంది. కొలవబోయే వస్తువే కొలబద్దను లంచంతో లోబరుచుకున్నట్టు.

ఇన్ని చిక్కులనూ ఆ సర్వేలో లెక్కలు చేసే రాధానాథ్ సిక్దార్ 1852లో కాగితం మీదే విప్పాడు. 1856లో ప్రకటించిన అంకె 29,002 అడుగులు. లెక్క సరిగ్గా 29,000 వచ్చిందనీ, అంత గుండు అంకె చెబితే ఉజ్జాయింపు అనుకుంటారని పై అధికారి రెండడుగులు కలిపాడనీ చెబుతారు. నిజమైతే, ప్రపంచంలో ఎవరెస్టు మీద మొట్టమొదట రెండడుగులు వేసింది ఆ అధికారే.

‘సముద్రమట్టానికి’ అని తేలిగ్గా అనేస్తాం. అక్కడ సముద్రం ఏది? కొండ కింద సముద్రం ఉండుంటే నీటిమట్టం ఎక్కడ నిలిచేదో గురుత్వాకర్షణ కొలతలతో ఊహించాలి. దాని పేరు జియాయిడ్. జీపీఎస్ అమాయకంగా ఇంకో నున్నటి ఊహారేఖ నుంచి ఎత్తు చెబుతుంది. రెండింటికీ అక్కడ పాతిక మీటర్లకు పైగా తేడా. పైన టోపీ తగువు వేరే ఉంది. 2005లో చైనా మంచు తీసేసి రాతి తల 8,844.43 అంది, నేపాల్ మంచుతోనే లెక్క అంది. తలపాగాతో కలిపి పెళ్లికొడుకు ఎత్తు కొలవాలా వద్దా అన్న ఈ చర్చ తెగడానికి ఏళ్లు పట్టింది. గెలిచింది తలపాగా.

నేపాల్ సర్వేయర్లు 2019 మే 22న, రద్దీ తప్పించుకోవడానికి తెల్లవారుజామున 3 గంటలకే శిఖరం చేరారు. చీకట్లో, గడ్డకట్టే చలిలో యాంటెన్నా నిలబెట్టి, మంచు మందం రాడార్‌తో చూసి దిగారు. తెల్లవారాక అదే శిఖరం కింద వందల మంది వరుస కట్టిన ఫొటో లోకమంతా చూసింది. ఒకే రోజు, ఒకే కొండ. ముందొచ్చినవాళ్లు సెంటీమీటర్లు లెక్కపెట్టారు. వెనకొచ్చినవాళ్లు లెక్కపెట్టాల్సింది లీటర్లు.

ఆ లెక్కకు ఉపగ్రహం అక్కర్లేదు. నాలుగు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లతో, నింపితే 1,200 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి రెండు లీటర్లయితే పది గంటలు. నాలుగుకి తిప్పితే అయిదే. నిమిషానికి రెండు లీటర్ల లెక్కనే వరుసలో రెండు గంటలు కదలకుండా నిలబడితే, ఒక్క అడుగు ఎత్తు పెరగకుండానే 240 లీటర్లు ఖర్చు. ముందువాణ్ణి దాటుదామంటే తాడుకు తగిలించిన లోహపు కొక్కెం, కారాబైనర్, విప్పి, అతని చుట్టూ తిరిగి అవతల మళ్లీ తగిలించాలి. చేతికి మూడు వరుసల గ్లౌజులు, పక్కనే కిలోమీటర్ల లోతు. ఈలోగా వదిలిన ఊపిరిలోని తేమ మాస్కు వాల్వులో గడ్డకడుతుంది. దాన్ని నొక్కి పగలగొట్టాలని గుర్తుకు రావాలి కదా, ఆ గుర్తొచ్చే అవయవం చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడోవంతే. మెదడు వాచడం మొదలైందో లేదో చూసే పరీక్ష మడమకు బొటనవేలు తాకిస్తూ సరళరేఖలో నడవడం. ఇరుకు అంచు మీద ఆ పరీక్ష రాయడం ఎలాగో ఏ పుస్తకమూ చెప్పదు. అసలైన మందు వెంటనే కిందికి దిగడం. దానికి ఆ వరుస ఒప్పుకోవాలి.

ఆ సీజన్‌లో ఎవరెస్టు మీద 11 మంది పోయారు. ఎనిమిది వేల మీటర్ల పైన పోయేవాళ్లలో ఎక్కువమంది దిగేటప్పుడే పోతారని ఎక్కేవాళ్లందరికీ తెలుసు. మధ్యాహ్నం రెండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న నియమమూ తెలుసు. కానీ రెండు గంటలనేది కూడా కొందరి దృష్టిలో సముద్రమట్టం లాంటిదే, ఎవరి రిఫరెన్స్ వాళ్లది.

కాబట్టి సంబంధిత ప్రభుత్వాలకు ఒక విన్నపం. శిఖరం ఎక్కినవాళ్లకిచ్చే ధ్రువపత్రం మీద ఎత్తు 8,848.86 అని నిక్కచ్చిగా అచ్చు వేయండి, తప్పులేదు. దాని పక్కన ఇంకో గడి పెట్టించండి: శిఖరానికి ముందు ఆఖరి క్యాంపు ఉండే సౌత్ కోల్‌కు తిరిగొచ్చేసరికి సిలిండర్‌లో మిగిలింది ఎన్ని లీటర్లు? దశాంశాలు అక్కర్లేదు. ఆ గడి నింపడానికి మనిషి తిరిగి రాకపోతే, పత్రం ఇంటి చిరునామాకు పోస్టులో పంపండి.