ధర పెరగకపోయినా వాడతామా?

2010 మే 22న ఫ్లోరిడాలో ఒక ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకు 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అవి ఇవాళ దగ్గరుంటే వేల కోట్ల రూపాయలని లెక్కలు వేసి నవ్వుకోవడం క్రిప్టో అభిమానులకు ఏటా వచ్చే పండుగ. నిజానికి ఆయన చేసింది తెలివితక్కువ పనేం కాదు. డబ్బును డబ్బులాగే వాడాడు. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ మూలపత్రం ప్రతిపాదించింది కూడా బ్యాంకు ప్రమేయం లేకుండా ఒకరి నుంచి మరొకరికి నేరుగా చేరే నగదునే. దాన్ని ఖర్చు పెట్టినవాణ్ని చూసి జాలిపడుతున్నామంటే, అది కరెన్సీ అన్న సంగతి మనమే ఎప్పుడో మరిచిపోయామన్నమాట.

రేపు రెట్టింపవుతుందని నమ్మేవాడు దాంతో ఇవాళ పాల ప్యాకెట్ కొనడు. సగానికి పడిపోతుందేమోనని భయపడే కొట్టువాడు దాన్ని తీసుకోడు. 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లు పలికిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి, క్రిప్టో కొని అమ్మే ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ కుప్పకూలాక 16 వేల దగ్గరికి జారింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. ఇది షేర్ మార్కెట్లో ఆడేవాళ్లకు సరదాగా ఉండొచ్చు గానీ, ఇంటి అద్దె కట్టేవాడికి టెన్షనే.

బిట్‌కాయిన్ రోజువారీ కరెన్సీగా పనికొస్తుందా అన్నదాన్ని ఒక దేశం తన ప్రజల మీదే పరీక్షించి చూసింది. 2001 నుంచి అమెరికా డాలరునే వాడుకుంటున్న ఎల్ సాల్వడార్, 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ కరెన్సీగా అమల్లోకి తెచ్చింది. అధ్యక్షుడు బుకెలె చెప్పిన కారణం వినడానికి బాగానే ఉంది. ఆ దేశ జీడీపీలో ఐదో వంతుకు పైగా విదేశాల్లోని సాల్వడారియన్లు పంపే సొమ్మే. ఆ సొమ్ములో కమీషన్ల కింద పోయేది మిగిలితే పేదకు మేలే. ప్రభుత్వం ‘చివో’ అనే యాప్ తెచ్చి, చేరినవారందరికీ 30 డాలర్ల బిట్‌కాయిన్ ఉచితంగా ఇచ్చింది. జనం యాప్ దించుకున్నారు, 30 డాలర్లు ఖర్చు పెట్టుకున్నారు. ఆ తర్వాత దాని జోలికి వెళ్లనివారే ఎక్కువని ఆర్థికవేత్తల సర్వేలో తేలింది. విదేశాల నుంచి వచ్చే సొమ్ములో క్రిప్టో వాటా తర్వాతి సంవత్సరాల్లో రెండు శాతం కూడా దాటలేదు. అగ్నిపర్వతం పక్కన ‘బిట్‌కాయిన్ సిటీ’ కడతామన్న ప్రకటన మాత్రం ఘనంగా జరిగింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. చివరికి ఐఎంఎఫ్ నుంచి 140 కోట్ల డాలర్ల అప్పు కావాల్సి వచ్చి, 2025 జనవరిలో చట్టం సవరించారు. దుకాణదారులు బిట్‌కాయిన్ తీసుకోవాలన్న నిర్బంధం పోయింది.

అక్కడ ఓడిపోయింది సాంకేతికత ఒక్కటే కాదు. యాప్ మొరాయించిన మాట నిజమే. కానీ డాలరు చేతిలో ఉన్నవాడికి బిట్‌కాయిన్ ఏ కొత్త పనీ చేసి పెట్టలేదు. మన దగ్గర 2016లో మొదలైన యూపీఐకి ఎవరూ ధర పెరుగుతుందన్న ఆశ చూపలేదు. 2023 ఆగస్టు నాటికి అది నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. బిట్‌కాయిన్ వ్యవస్థ సెకనుకు ఏడు లావాదేవీలకు మించి మోయడం కష్టం.

అలాగని క్రిప్టో అంతా జూదమేనని కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. డాలరుతో విలువ ముడిపెట్టిన స్టేబుల్‌కాయిన్ల సంగతి వేరు. వాటి ధర పెరగదు, కాబట్టి దాచుకుని మురిసిపోవడానికి ఏమీ ఉండదు. అయినా ధరలు మండిపోయే అర్జెంటీనాలో, కరెన్సీ పడిపోయిన నైజీరియాలో సామాన్యులు వాటిని వాడుతున్నారు. ఎవరికీ లాటరీ తగలని చోటే ఉపయోగం కనిపించడం గమనించాలి. వాటిలోనూ మోసం లేకపోలేదు. 2022 మేలో టెర్రా కాయిన్ కొద్దిరోజుల్లోనే చిత్తుకాగితమైంది. కాయిన్ల వెనక ఉండాల్సిన డాలర్ల నిల్వల గురించి తప్పుడు మాటలు చెప్పినందుకు స్టేబుల్‌కాయిన్ కంపెనీ టెథర్‌కు అమెరికా నియంత్రణ సంస్థ 2021లో 4.1 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అందుకే యూరప్ 2024లో, అమెరికా 2025లో స్టేబుల్‌కాయిన్లకు నిల్వల నిబంధనలు పెట్టాయి.

మరి మనమేం చేశాం? లాటరీ గెలుపు మీద వేసినట్టే క్రిప్టో లాభం మీద 2022 నుంచి 30 శాతం పన్ను వేశాం. ప్రతి లావాదేవీలో ఒక శాతం టీడీఎస్ కోస్తున్నాం. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలో చూపుకోనివ్వం. పన్ను వేసినంత మాత్రాన గుర్తింపు ఇచ్చినట్టు కాదంటూనే వసూలు కానిస్తున్నాం. పేకాట క్లబ్బులో వాటా పుచ్చుకుంటూ లోపల జరిగేదానితో నాకు సంబంధం లేదన్నట్టుంది ఈ తీరు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు రూ.2 వేల కోట్ల విలువైన క్రిప్టో హ్యాకర్ల పాలైంది. లక్షల మంది భారతీయులు తమ సొమ్ము కోసం ఏడాదికి పైగా ఎదురుచూస్తూ సింగపూర్ కోర్టు తీర్పుల్ని చదువుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పే చట్టమే లేదు. ఆ ఖాళీలోనే క్రిప్టో పేరు పెట్టుకున్న గొలుసుకట్టు స్కీములు మన జిల్లాల్లో పల్లెల దాకా వచ్చాయి.

జూదాన్నీ పనికొచ్చేదాన్నీ ఒకే గాటన కట్టడం మానాలి. ఎక్స్ఛేంజీలకు ఒక నియంత్రణ సంస్థను పేరుపెట్టి చెప్పాలి. ఖాతాదారుల సొమ్ము కంపెనీ సొమ్ముతో కలవకుండా, దానికి ఆడిట్ ఉండేలా నిబంధన రావాలి. ఇక ఉపయోగం సంగతికొస్తే, విదేశాల నుంచి 200 డాలర్లు ఇంటికి పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు ఆరు శాతం పైనే. గల్ఫ్ మార్గంలో ఇంత లేకపోయినా, నెలనెలా పంపేవాడికి అది చిన్న మొత్తం కాదు. సెంట్రల్ బ్యాంకులే జారీ చేసే డిజిటల్ కరెన్సీలతో సొమ్ము పంపుకునే వీలు కల్పించేందుకు 2023 మార్చిలో ఆర్‌బీఐ, యూఏఈ సెంట్రల్ బ్యాంకు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. దుబాయ్‌లో ఇటుకలు మోస్తున్న జగిత్యాల కార్మికుడి ఫోన్‌లోకి ఆ సదుపాయం ఎప్పుడు వస్తుందో ఆర్‌బీఐ తేదీ వేసి చెప్పాలి.