రావణుడి పదో మీసం

మా హాలు గోడమీది రావణుడికి మొన్న ఆదివారం మధ్యాహ్నం దాకా పది తలలు, పది మీసాలు. ఇప్పుడు తలలు పదే, మీసాలు తొమ్మిది. పదోదాన్ని నిమ్మకాయ తినేసింది. నిమ్మచెక్క పట్టుకున్న చెయ్యి నాది, పట్టుకోమన్న నోరు ఒక ఇంటి చిట్కాల వీడియోది.

తిరుపతిలో కాపురముండి, బస్సెక్కితే గంటలో కలంకారీకి పేరుపడ్డ శ్రీకాళహస్తి పెట్టుకుని, గోడకు ప్లాస్టిక్ పూలు వేలాడదీయడం పాపమని నమ్మే రకం నేను. అన్నం తినేటప్పుడు ఎదురుగా కంటికింపైంది ఒకటి ఉండాలని ఆరేళ్ళ కిందట రామాయణం కలంకారీ గుడ్డ తెచ్చి తగిలించాను. రెండు ఇనప మేకులు కొట్టి తగిలించాను. తెలివితక్కువతనం అక్కడే మొదలు. గుడ్డ పైఅంచును గొట్టంలా మడిచి కుట్టి, అందులో వెదురుకర్ర దూర్చి, కర్ర రెండు కొసలకూ నూలుతాడు కట్టి వేలాడదీయాలి. ఇనుము గుడ్డకు తగలకూడదు. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూనే ఉన్నాను, ఆరేళ్ళుగా, ఆ మేకుల కిందే నిలబడి.

కార్తీకం వానలకు గోడ చెమ్మెక్కింది, మేకు తుప్పు పట్టింది, తుప్పునీళ్ళు కిందికి దిగాయి. మామూలు గుడ్డమీదైతే తుప్పుమరక ఎర్రగా పడుతుంది. కలంకారీ గుడ్డ కరక్కాయ రసం తాగిన గుడ్డ, అక్కడ తుప్పు నల్లబడుతుంది. సరిగ్గా రావణుడి ఎడమచివరి తల పక్కన రూపాయి బిళ్ళంత మచ్చ. నెలల తరబడి అది అక్కడే ఉంది. చిత్తూరు నుంచి వదిన భోజనానికి వస్తున్నానని ఫోన్ చేశాక గానీ నా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించలేదు.

ఫోన్ తీసి వెతికితే మొదటి వీడియోలోనే ఒకావిడ నవ్వుతూ చెప్పింది: తుప్పుమరకకు నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు, పది నిమిషాలు వదిలేయండి, మాయం! ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, అదే నా ఖర్మ. నిమ్మ పులుపు ఇనుమును కరిగించి లాగేస్తుంది. కానీ కలంకారీలో నలుపంటే ఏమిటి? అదీ ఇనుమే! తుప్పుపట్టిన ఇనపముక్కల్ని బెల్లం, తాటిబెల్లం కలిపిన నీళ్ళలో పదిహేను ఇరవై రోజులు పులియబెడితే కసిమి అవుతుంది. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో నానబెట్టి ఎండేసిన గుడ్డమీద, ముందు చింతబొగ్గుతో గీతలు గీసుకుంటారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. తర్వాత కలం పడతారు. అంటే కొస చెక్కిన వెదురుపుల్ల, దానికి చుట్టిన ఉన్ని, పైన బిగించిన దారం. ఉన్నిని కసిమిలో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తే, గీసేటప్పుడు వెలవెలబోయి ఉన్న నీళ్ళు కరక్కాయ తగిలి నల్లబడతాయి. రాముడి విల్లూ, సీత కాటుకా, రావణుడి మీసమూ అన్నీ ఆ నీళ్ళే.

ఇదంతా నాకు తెలుసు. చేతిపనుల కోసం పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950లలో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టిన సంగతితో మొదలుపెట్టి అరగంట చెప్పగలను. తెలిసీ నిమ్మచెక్క రుద్దాను.

మొదట మచ్చ పలచబడింది. ఆహా అనుకున్నాను. ఇంకో నాలుగు చుక్కలు పిండాను. రసం గుడ్డ పోగుల్లోంచి పాకుతుందని, ఆపాలంటే మచ్చ చుట్టూ ముందే మంచినీళ్ళతో తడిపి, కింద పాతగుడ్డ పెట్టి, పుల్లకు చుట్టిన దూదితో అద్దాలని, అదీ ముందు అంచు మీద ఒక్క చుక్కతో చూసుకోవాలని, ఇప్పుడు ఎంత బాగా గుర్తొస్తోందో! రసం మీసం మెలిక దగ్గరికి చేరింది. మెలిక ముందు గోధుమరంగుకు తిరిగింది, తర్వాత పలచటి టీ రంగు, తర్వాత జ్ఞాపకం. అక్కడితో ఆగిందా? ముక్కు పోయింది. కనుబొమ్మ పోయింది. కన్ను కాసేపు మొండికేసింది గానీ గుడ్డును నాకొదిలేసి రెప్పా పాపా వెళ్ళిపోయాయి. ముఖానికి వేసిన ఎరుపు మాత్రం కాస్త వెలిసి నిలబడింది. అది పటికతో పట్టిన రంగు, ఇనుముది కాదు. దాంతో తొమ్మిది ఉగ్రముఖాల పక్కన పదోది పెనంమీద ఎర్రగా కాలిన దోసెలా, కిరీటం పెట్టుకుని, ఎవరిమీదా కోపం లేకుండా కూర్చుంది.

వదిన వచ్చింది. ఆరేళ్ళుగా వస్తూనే ఉంది, ఎప్పుడూ ఆ గుడ్డ వైపు చూసిన పాపాన పోలేదు. "గోడకు క్యాలెండరు చాలదాప్పా, తిథీ వారమూ అయినా తెలుస్తాది" అనేది. ఈసారి చెప్పులు విడుస్తూనే చూసింది.

"ఏమప్పా, ఈయప్పకు ఈ మూతి ఏమైంది?"

"పాత గుడ్డ వదినా, రంగు వెలిసింది."

"వెలిస్తే అన్నీ వెలవాల గదా? ఒక్కడికే గొరిగినట్టుండాదే!"

సంగటి చల్లారుతున్నా వినకుండా వేలుపెట్టి లెక్కపెట్టింది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. పిల్లల్ని పిలిచి లెక్కపెట్టించింది. మొత్తం గుడ్డలో కోతులెన్నో, చెట్లెన్నో కూడా తేలింది. "సీతమ్మ కొంగుమీద ఇంత పని ఉండాదా!" అని ముక్కున వేలేసుకుంది. నేను అరగంట ఉపన్యాసంతో ఆరేళ్ళలో చూపించలేనిది నిమ్మచెక్క పది నిమిషాల్లో చూపించింది. నాకు ఒళ్ళు మండింది.

పైగా వదిన ఇంట్లో భోజనాల బల్లమీద కలంకారీ గుడ్డ ఒకటుంది. దానిమీద చారు ఒలికింది, నిమ్మకాయ ఊరగాయ నూనె కారింది, నెమలి ఈక కూడా చెదరలేదు. చెదరదు, అది మిషను మీద అచ్చేసిన గుడ్డ, ఆ నలుపు రసాయన రంగు. అసలు సరుకును పసిగట్టడానికి నిమ్మరసం మంచి పరీక్షే గానీ, అసలుదని తేలిన సరుకు ఇక ఇంటికి పనికిరాదు.

బాగుచేయించవచ్చు. ముందు పారే నీళ్ళలో పులుపు పూర్తిగా పోయేదాకా జాడించాలి. సబ్బు తగలకూడదు, పిండకూడదు, నీడన ఆరేయాలి. ఆ తావుకు మళ్ళీ కరక్కాయా పాలూ పట్టించి, కసిమితో గీయాలి. పులుపు మిగిలితే కొత్త మీసమూ నిలవదు. గీసే చెయ్యి కావాలి, నాది కాదు. వంద రూపాయల చొక్కాకు మెడ వెనక ఎలా ఉతకాలో నాలుగు బొమ్మలతో చీటీ కుట్టి ఇస్తారు. ఇంత పనితనమున్న గుడ్డకు ఇనుమూ పులుపూ తగలనీయొద్దని రెండు ముక్కలు రాసి అంటించడానికి అమ్మినవాళ్ళకు కాగితం దొరకలేదు. వీడియో కింద నా గోడు రాస్తే ఆవిడ రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి, సబ్‌స్క్రైబ్ చేసుకోమంది.

రెండో నిమ్మచెక్క పళ్ళెంలో అలాగే ఉంది. వదిన దాన్ని గ్లాసు నీళ్ళలో పిండుకుని, మిగిలిన ఉప్పేసుకుని, రావణుడి వైపు చూస్తూ తాగేసింది.