పుట్టింట్లోనే ఉంటోంది

పెళ్లి భోజనాల దగ్గర ఎవరో అడుగుతారు, "మీ పెద్దమ్మాయి ఇప్పుడు ఎక్కడుంటోంది?" అని. "ఇక్కడే, మా దగ్గరే" అనేసి తల్లి మాట మార్చేస్తుంది. విడాకులు కాలేదు, కాపురమూ లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో విడాకులు తీసుకున్నవాళ్లు సుమారు 13.6 లక్షలు. భార్యాభర్తల్లో విడిగా ఉంటున్నవాళ్లు దాదాపు 35 లక్షలు. టీవీ చర్చల్లో మొదటి అంకె చూపించి మన కుటుంబ వ్యవస్థ గొప్పదంటారు. రెండో అంకె జోలికి ఎవరూ పోరు. రెండు లెక్కల్లోనూ ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ‘వివాహితులు’ గడిలోకి తొందరగా వెళ్లిపోవడం దానికో ముఖ్య కారణం.

విడిపోవడం మన సంస్కృతిలోనే లేదనే మాట కూడా నిజం కాదు. తెలుగులో మారుమనువు అనే మాట ఊరికే పుట్టలేదు. రెక్కాడితేగానీ డొక్కాడని చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగదెంపులు చేసుకుని, ఆడవాళ్లు ఇంకో పెళ్లి చేసుకోవడం ఆనవాయితీ. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షన్‌లో ఆచార విడాకులను ఉండనిచ్చింది. పొలం పనికెళ్లే మనిషికి తన కూలి తనకుంటుంది కదా. నాలుగు డబ్బులు చేరి, పై కులాల పద్ధతులు పట్టుకున్నాక అదే మారుమనువు పరువు తక్కువ పనైపోయింది. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ అన్నది ఇలాంటి మార్పునే.

నా దృష్టిలో అసలు చిక్కు ప్రేమ దగ్గరా, సర్దుబాటు దగ్గరా లేదు. ఇంటి దగ్గర ఉంది. ఆడపిల్లకి పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండు మాటలున్నాయి, మూడో ఇంటికి మాటే లేదు. విడాకులైతే భరణం అడగొచ్చు. భర్త పేరున కొన్న ఫ్లాట్‌లో మాత్రం, ఈఎంఐ కట్టినన్నాళ్లూ ఇంటి ఖర్చంతా ఆమె జీతమే మోసినా, భార్య అన్నంత మాత్రాన వాటా రాదు. భర్త ఆస్తిలో వాటా ఇప్పించే బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ గడువు తీరడంతో అది మురిగిపోయింది.

పుట్టింటి ఆస్తి మాటేమిటి? కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు దేశమంతటికీ 2005లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో, 1985లోనే వచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. చట్టం ముందే వచ్చినా, "కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఎకరం రాశాం, ఇంకేముంది?" అనే లెక్క ఇళ్లల్లో మారలేదు. అన్నదమ్ములతో మాట పోగొట్టుకోవడం ఇష్టంలేక హక్కు వదులుకుంటూ సంతకం పెట్టేవాళ్లు ఎందరో. సర్దుకుపొమ్మని చెప్పే తండ్రి రాతిగుండెవాడేమీ కాదు. కూతురు తిరిగొస్తే ఏ గదిలో ఉండాలన్నది ఆయన మనసులో మెదిలే మొదటి ప్రశ్న.

తమ్ముడి పెళ్లయ్యేదాకా ఆ ప్రశ్న పైకి రాదు. మరదలు కాపురానికొచ్చిన వారంలో అక్క మంచం హాల్లోకి మారుతుంది.