మే నెలలో నీళ్ళు ఎవరు పోస్తారు?

మూడేళ్ళ క్రితం మా బ్యాచ్ వాళ్ళమంతా చందాలు వేసుకుని, కోనసీమలో మేం చదువుకున్న ప్రాథమిక పాఠశాలకు రెండు వందల మొక్కలు ఇచ్చాం. కడియం నర్సరీల నుంచి వ్యానులో వచ్చాయి. ఆగస్టు నెల, సన్నగా జల్లు పడుతోంది. పిల్లలు వరసలో నిలబడి తలా ఒక మొక్క పట్టుకున్నారు. ఆ ఫొటో, ఊరు వదిలి వచ్చిన మన వాళ్ళ సంఘం సంచికలో కూడా అచ్చయింది. చూసుకుని మురిసిపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళాను. సెలవులు ఇచ్చే ముందు రోజు బడికి వెళ్ళి లెక్కపెట్టాను. పదకొండు మొక్కలు మిగిలాయి. వాటిలో ఏడు, పిల్లలు మధ్యాహ్నం కంచాలు కడిగే నీళ్ళు పారే వైపు ఉన్నవి.

కోనసీమలో మొక్కలు ఎండిపోవడం ఏమిటని ఇక్కడి మిత్రులు ఆశ్చర్యపోయారు. చుట్టూ నీళ్ళే కదా అన్నారు. నిజమే, పది నెలలు నీళ్ళే. గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలే డెల్టాలో పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతున్నాయి. కానీ దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకు రాగానే ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. పూడికలు తీయాలి, లాకులు బాగుచేయాలి. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. మా ఊరు సముద్రానికి దగ్గర, బోరు నీళ్ళు ఉప్పన. ఇక బడి సంగతి చూడండి. ఏప్రిల్ చివరి వారంలో సెలవులు ఇస్తే, తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే ఆగస్టులో నాటిన మొక్కకు మొదటి వేసవి వచ్చేసరికి కాలువలో నీళ్ళూ ఉండవు, బడిలో మనుషులూ ఉండరు. రెండూ ఒకేసారి. పంతులుగారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఈ లెక్క మేం ముందే వేసుకోవలసింది. ఆ ఊళ్ళో పుట్టి, ఆ కాలువలో ఈతలు కొట్టిన వాళ్ళం, ఏప్రిల్‌లో కాలువ కట్టేస్తారని మాకు తెలియదా? తెలుసు. మొక్కకు డబ్బులిచ్చాం గానీ, దాని వేసవి గురించి ఒక్కరమూ ఆలోచించలేదు.

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న వస్తుంది. ఆ రోజుకి మన బడులు ఇంకా తెరవరు. అయినా ఎండలో పిల్లల్ని పిలిపించి, అట్టముక్కల మీద నినాదాలు రాయించి వీధుల్లో తిప్పే ఊళ్ళు ఉన్నాయి. నాకు ఇది ఏమాత్రం నచ్చదు. ఏడేళ్ళ పిల్లవాడు గొంతు చించుకుని ‘భూమిని కాపాడండి’ అని అరిస్తే వాడికి దప్పిక తప్ప మిగిలేది ఏమీ లేదు. పర్యావరణం అన్ని తరగతుల్లోనూ పాఠంగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పదేళ్ళ తర్వాత కేంద్ర ప్రభుత్వం జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో క్లబ్బులు పెట్టించింది. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం పుస్తకం ఉండనే ఉంది. పాఠానికి కొదవ లేదు. పిల్లలకు తమది అనుకోదగ్గ పని ఒకటి కావాలి, దానికి రోజూ కాస్త సమయం కావాలి, వాళ్ళు తేల్చిన మాటను వినే పెద్దవాళ్ళు కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆ రోజు బడిలో నాలుగో తరగతి అమ్మాయి ఒకతె నాకు ఒక నోటుపుస్తకం చూపించింది. పాత రెండు గీతల కాపీ, అట్టకు పాత కేలండరు కాగితం వేసి ఉంది. బడి ఎదురుగా కాలువ రేవు. రేవుకు తొమ్మిది మెట్లు. రోజూ ప్రార్థనకు ముందు ఇద్దరు పిల్లలు గట్టు మీద నుంచే నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో చూసి రాస్తారు. పక్కనే నీళ్ళ రంగు: ‘ఎరుపు’, ‘మట్టి రంగు’, ‘తేట’, ఒకచోట ‘నురగ’. ఇంకో గడిలో గుర్రపుడెక్క ఉందా లేదా. ఒక పేజీలో ఐదో మెట్టు నుంచి నీళ్ళు ఒక్కసారిగా ఏడుకు దిగిపోయాయి. ఎందుకమ్మా అని అడిగాను.

“వంతు మారిందండి, అత్తయ్యగారూ. ఇప్పుడు నీళ్ళు అవతలి ఊరికండి. మళ్ళీ మన వంతు వచ్చాక ఐదో మెట్టుకి వస్తాయండి,” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు కాదు, ఎంతో ఓపికగా.

దాళ్వాకు నీళ్ళు చాలనప్పుడు వంతులు పెట్టడం మా నాన్నగారి రోజుల నుంచీ విన్నదే. అయినా ఆ వంతును ఇలా మెట్ల లెక్కలో ఎప్పుడూ చూడలేదు. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడని మేమూ బట్టీపట్టి పరీక్ష రాశాం. బడి వెనక బోదె, అంటే పొలాల మధ్య పారే చిన్న కాలువ, ఏ మురుగు కాలువలో కలుస్తుందో, ఆ మురుగు ఏ దారిన సముద్రానికి చేరుతుందో మాత్రం మాకు ఎవరూ చూపించలేదు. ఈ పిల్లలకు తెలుసు. వాళ్ళ టీచరు నడిపించి చూపించారు. వరండా గోడ మీద రెండు రంగుల గీతలు కూడా గీయించారు. 1986 ఆగస్టు వరద ఎంతవరకు వచ్చిందో ఊళ్ళో ముసలివాళ్ళను పిల్లలే అడిగి తెలుసుకుని గీసింది ఒకటి. 2022 జూలైది రెండోది. ఆ రెండో గీత దగ్గర నిలబడితే రెండో తరగతి పిల్లల మోకాళ్ళ దాకా వస్తుంది.

దీనికి ఖర్చు ఎంత? ఒక నోటుపుస్తకం, రెండు చిన్న రంగు డబ్బాలు.

కంచాలు కడిగే చోటు గురించి కూడా చెప్పాలి. మన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మగారి పేరు మీద ఇప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అడిగినవాళ్ళకు లేదనకుండా అన్నం పెట్టిన మనిషి పేరు ఆ పథకానికి ఉండటం నాకెంతో సంతోషం. భోజనం అయ్యాక కుళాయి దగ్గర పిల్లలందరూ కంచాలు కడుగుతారు. ఇదివరకు ఆ నీళ్ళు గోడ పక్కన నిలిచి దోమలు పెరిగేవట. ఒక పిల్లవాడి అమ్మమ్మ వచ్చి, జలదారి దగ్గర అరటి పిలకలు వేయండి, నీళ్ళు అవే తాగేస్తాయి అని చెప్పిందట. మన పెరళ్ళన్నిటిలో ఉన్న పద్ధతే కదా అది. వేశారు. ఇప్పుడు అక్కడ ఆరు చెట్లు, ఒకటి గెల వేసింది. కుళాయికీ చెట్లకూ మధ్య పిల్లలు ఒక పాత చిల్లుల బుట్ట పెట్టారు, మెతుకులు అందులో ఆగుతాయి. బుట్ట ఖాళీ చేసే పిల్లవాడు ఆ రోజు ఎంత అన్నం వృథా అయిందో గుప్పిళ్ళతో కొలిచి వంట చేసే ఆవిడకు చెబుతాడు. సాంబారన్నం రోజున తక్కువ, ఫలానా కూర రోజున ఎక్కువ అని ఆవిడకూ తెలిసింది. మేం ఇచ్చిన మొక్కలు ఏడు బతికింది ఈ నీళ్ళ చలవతోనే.

పిల్లల చేత పని అనగానే కొందరికి కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. మన బడుల్లో చీపురు ఎవరి చేతికి ఇస్తారో మనందరికీ తెలుసు. ఊడ్చేది ఆడపిల్లలు, నీళ్ళు తెచ్చేది ఫలానా పేట పిల్లలు, పెద్దింటి పిల్లలు మాత్రం ఆ పక్కన నిలబడి చూసేవారు. మా రోజుల్లో అలాగే జరిగింది, ఇప్పటికీ జరిగే చోట్లు ఉన్నాయి. పర్యావరణం పేరు పెట్టి మళ్ళీ అదే చేయిస్తే అంతకంటే అన్యాయం ఉండదు. మరుగుదొడ్లు కడగడం పిల్లల పని కానే కాదు, అందుకు జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి. మా బడిలో హాజరు పట్టీ వరసలో పని వస్తుంది. సర్పంచిగారి మనవడికీ వస్తుంది, కూలికి వెళ్ళే తల్లి కొడుక్కీ వస్తుంది. చూడటం, రాయడం, కొలవడం, నీళ్ళు పోయడం వరకే పిల్లలవి. ఈ వరస తప్పనివ్వని టీచరు ఎక్కడ ఉంటే అక్కడ నాకు భయం లేదు.

ఇంకొక మాట. పెద్దల తప్పులను పిల్లల నెత్తిన వేయకూడదు. ఊరి చెత్తను కాలువ గట్టు మీద పోసేది పిల్లలు కాదు. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళను బోదెల్లోకి వదిలేది పిల్లలు కాదు. ఊరి చివర చెత్త నుంచి సంపద చేసే షెడ్డు కట్టి ఉంది, దానికి తాళం వేసింది పిల్లలు కాదు. మా వాళ్ళు బడికి ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంపారు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని పిల్లలు శ్రద్ధగా వేరుచేశారు. తీసుకువెళ్ళే బండి రాకపోతే ఆ రెండూ కలిపి ప్రహరీ మూల తగలబెట్టారు. చిరుతిళ్ళ పొట్లాలు కాలుతున్న ఆ పొగ ఐదో తరగతి గది కిటికీలోకే వస్తుంది. వేరుచేసిన చేతులతోనే పిల్లలు ముక్కు మూసుకున్నారు. వాళ్ళు అక్కడ ఏం నేర్చుకున్నట్టు? పెద్దవాళ్ళు చెప్పేది ఒకటి, చేసేది ఇంకొకటి అనే కదా. అందుకే అక్టోబరు 2 గ్రామసభలో ఆ కాలువ నోటుపుస్తకాన్ని పిల్లల చేత చదివించమని టీచరుగారిని అడిగాను. ‘నురగ’ అని రాసిన రోజులు ఏవో, ఆ రోజుల్లో పైన ఏ చెరువు ఖాళీ చేశారో ఊరంతా కూర్చుని వినాలి. సమాధానం పెద్దలు చెప్పాలి.

ఇక మన సంగతి. మనం పంపే డబ్బు మంచి మనసుతోనే పంపుతున్నాం, అందులో సందేహం లేదు. అయితే కంటికి కనిపించేవాటికే ఇస్తున్నాం. గోడలకు రంగులు, తెర మీద పాఠాలు, గేటు దగ్గర దాతల పేర్లతో శిలాఫలకం. వేసవిలో నీళ్ళు పోసే మనిషి జీతం ఏ ఫొటోలోనూ కనిపించదు కాబట్టి దానికి ఎవరమూ ఇవ్వడం లేదు. మొక్కల సంఖ్య రెండు వందలు అక్కర్లేదు, ఇరవై చాలు. అవి మన మట్టికి అలవాటైన వేప, కానుగ, గంగరావి అయితే మంచిది. గట్టు మీద తాటి టెంకలు పాతడానికి పిల్లలకు డబ్బే అక్కర్లేదు, ముంజల కాలం, పళ్ళ కాలం దాటాక ఏరుకొచ్చి పాతుతారు. ఆ ఇరవై మొక్కలకు మూడు వేసవులు నీళ్ళు అందేలా చూస్తే చాలు, తర్వాత వాటి వేళ్ళు అవే వెతుక్కుంటాయి.

మా బ్యాచ్ ఈసారి ఇలా అనుకుంది. శిలాఫలకానికి తీసి ఉంచిన సొమ్ముతో బడి పక్క వీధిలో ఉండే ఒక ఆవిడను మూడేళ్ళ పాటు ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెడుతున్నాం. కాలువ కట్టే ముందే నింపుకోవడానికి ఒక సిమెంటు తొట్టి కట్టిస్తున్నాం, పిల్లలు పడకుండా మూతతో. మిగిలిన పదకొండు మొక్కలకు పిల్లలు నంబర్లు వేశారు. సెలవుల్లో దగ్గరి ఇళ్ళ పిల్లలు వారానికి ఒకసారి వచ్చి, ఏది చిగురు వేసిందో ఏది వాడిందో ఆ నోటుపుస్తకం చివరి పేజీల్లో రాస్తామన్నారు. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ పేజీలు ఫొటో తీసి పంపమని పంతులుగారిని కోరాను. ఈ పత్రికలో వేయడానికి ఈసారి ఆ ఫొటో పంపుతాను, ఎన్ని బతికితే అన్నీ, ఎన్ని పోతే అన్నీ కనబడేలా.