అద్దంలో కనపడనివాడు

ఒకప్పుడు కోనసీమ ఊళ్లలో వీధి తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిపెట్టేవారు. దెయ్యం అది చదువుకుని వెనుదిరుగుతుందని, మర్నాడొచ్చినా అదే చదువుకుంటుందని ధీమా. బ్రామ్ స్టోకర్ 1897లో వెలువరించిన నవలలో రక్తపిశాచి డ్రాకులాకూ గడప దగ్గరే చిక్కు. ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు రమ్మంటే తప్ప మొదటిసారి లోపల అడుగు పెట్టలేడు. మనం దెయ్యాన్ని రేపటికి వాయిదా వేశాం. అక్కడ లోపలివాళ్లే తలుపు తీస్తారు. రక్తపిశాచి సినిమాలు చూసేటప్పుడు కోరల కన్నా ముందు ఆ తలుపు తీసిన చేతిని గమనించాలి.

మన పాత సినిమా దెయ్యానిది పగ. మోసపోయిన ఆడమనిషి తిరిగొచ్చి లెక్క తేల్చుకుంటుంది. పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంట చేసినా, తాను దెయ్యాన్నన్న సంగతి ప్రేక్షకుడి దగ్గర దాచదు. రక్తపిశాచిది గుట్టు. పెద్దమనిషి వేషం, రాత్రిపూట బతుకు, అద్దంలో పడని ముఖం. స్వలింగ ఇష్టాన్ని దాచుకుని బతికే మనిషికి ఈ నియమాలు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1872 నాటి లె ఫాన్యూ నవలిక 'కార్మిల్లా'లో పిశాచీ అమ్మాయే, ఆమె మనసుపడిందీ అమ్మాయి మీదే. డ్రాకులా అచ్చవడానికి రెండేళ్ల ముందు లండన్‌లో రచయిత ఆస్కార్ వైల్డ్‌ను పురుషులతో సంబంధాల నేరం కింద జైల్లో పెట్టారు. డ్రాకులా కథనే 1922లో 'నోస్ఫెరాటు' అనే మూకీగా తీసిన జర్మన్ దర్శకుడు మూర్నా స్వలింగ ప్రేమికుడు. జర్మనీ శిక్షాస్మృతి 175వ సెక్షన్ కింద అదీ నేరమే. అలాగని ప్రతి ఫ్రేములోనూ దర్శకుడి జీవితాన్ని వెతకడం అతి అవుతుంది.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం కాలేజీల్లో ఈ సినిమాలు వేయాలనుకునేవారికి ఇక్కడొక మాట. ఎండ తగిలితే పిశాచి చస్తాడన్న నియమం నవలలో లేదు. అక్కడ డ్రాకులా పగలూ తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండకు చావడం నోస్ఫెరాటుతో మొదలైంది. అప్పటి ఫిల్ము చీకట్లో పనిచేసేది కాదు గనక రాత్రి సీన్లు పగలే తీసి, ప్రింటుకు నీలం రంగు అద్దారు. ఊరికే దొరికే కాపీలు ఎన్నో ఆ రంగు పోయినవే. వాటిలో కౌంట్, అంటే ఆ పిశాచి ప్రభువు, తన శవపేటికను చంకన పెట్టుకుని పట్టపగలు ఊళ్లో నడుస్తున్నట్టుంటుంది. పిల్లలు పకపకా నవ్వుతారు. చివర్లో పొద్దుటి వెలుగుకు అతను మాయమైతే ఎందుకో ఎవరికీ అర్థం కాదు. రాత్రి నీలంగా, తెల్లవారుజాము గులాబీగా కనిపించే కాపీ వెతకాలి. నిడివి గంటన్నర దాటాలి. గంటకే అయిపోయిందంటే మూకీని ఇప్పటి వేగంతో పరుగెత్తించారు, లేదా కత్తిరించారు. ముందురోజే పావుగంట వేసి చూసుకుంటే పరువు దక్కుతుంది.

రెండో సినిమాగా 1936 నాటి 'డ్రాకులాస్ డాటర్' మేలు. 1934 నుంచి హాలీవుడ్‌లో, తెరమీద ఏం చూపకూడదో చెప్పే నిర్మాణ నియమావళి గట్టిగా అమలైంది. స్వలింగ ప్రేమ ఊసెత్తడానికి లేదు. డ్రాకులా కూతురు కౌంటెస్ జలెస్కా బొమ్మ గీయడానికని లిలీ అనే పేదపిల్లను రప్పిస్తుంది. పిల్ల భుజాల మీది పట్టీలు జారుస్తుంది. కౌంటెస్ ఉంగరం మెరిపిస్తూ దగ్గరికొస్తుంది. కెమెరా గోడమీది ముఖోటా వైపు లేస్తుంది, కేక వినిపిస్తుంది. కత్తెరకు దొరక్కుండా చెప్పాల్సింది చెప్పేశారు. ఇదే కౌంటెస్ మానసిక వైద్యుణ్ణి ఆశ్రయించి, తనను దీన్నుంచి బయటపడేయమని వేడుకుంటుంది కూడా.

మాకు పేచీ ఇక్కడే. ఎంత అందంగా తీసినా రక్తపిశాచితో ఈ పోలిక స్వలింగ కోరికను జబ్బుగా, అంటుగా చూపిస్తుంది. ఎయిడ్స్ భయం ముదిరిన 1980లలో ఆ మచ్చ మరింత నల్లబడింది. డెల్టా ఇళ్లలో కౌంటెస్ వేడుకోలును అమ్మానాన్నలే వినిపిస్తారు: 'పెళ్లి చేస్తే కుదురుకుంటాడు.' కుదురుకోడు. పైగా ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకూ ఆ గుట్టులో ఇరుక్కుంటుంది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న 377వ సెక్షన్ కోరలు పీకి, వయసొచ్చినవాళ్ల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. స్వలింగ ప్రేమికులను 'మార్చే' చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్లకు తెలిపింది. సంబంధాలు చూసే పెద్దల దాకా ఆ కబురు ఇంకా చేరాల్సే ఉంది.

విక్రమార్కుడి కథల్ని 1870లో ఇంగ్లిషులో చెప్పిన రిచర్డ్ బర్టన్ మన బేతాళుణ్ణి వాంపైర్ అన్నాడు. రక్తం జోలికే పోని బేతాళుడికి ఆ పేరు నప్పదు గానీ అతని షరతు ఈ సినిమాలకు అతికినట్టుంటుంది: తెలిసీ చెప్పకపోతే తల వేయి వక్కలు, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. సినిమా అయ్యాక చర్చలో ఏ కుర్రాడికీ ఆ షరతు పెట్టకూడదు. 'మరి నీ సంగతేంటి?' అన్న వేళాకోళాన్ని మొదట్లోనే ఆపాలి. ప్రశ్నలు చీటీల మీద, పేరు లేకుండా రాయించాలి. దస్తూరీ చూసి పిల్లల్ని పోల్చగలిగే లెక్చరర్ చేతికి మాత్రం ఆ చీటీలు ఇవ్వకూడదు.