పేరులోనే కోరలు

ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసినవాడిని. నూటికి తొంభై అనే మాట చెవిన పడితే ఇప్పటికీ నా చెయ్యి దానంతట అదే ఎదుటివాడి వీపు తట్టడానికి లేస్తుంది. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మా అమ్మాయి అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఉంటుంది. అల్లుడు కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆ ఊళ్ళో చిప్పులతో పాటు బొమ్మల సినిమాలు కూడా తయారవుతాయని, లైకా అనే స్టూడియో అక్కడిదేనని మేము దిగిన వారంలోనే గర్వంగా చెప్పాడు. మేము వెళ్ళింది చలికాలం. అక్కడ వాన కురవదు, కారుతుంది. పాత పెంకుటింటి చూరులాగా పగలూ రాత్రీ ఒకటే ధార. కిటికీ దగ్గర కూర్చుని దాన్ని చూడడమే నాకూ మా ఆవిడకూ ఉద్యోగం.

ఒక శనివారం అమ్మాయీ అల్లుడూ సియాటిల్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తూ ఆరేళ్ళ మనవరాలిని మాకు అప్పగించారు. "ఏదైనా మంచి సినిమా పెట్టండి నాన్నా" అని అమ్మాయి చెప్పులు వేసుకుంటూ అంది. ఏది మంచిదో చెప్పే తీరిక లేదు. ఆ మాత్రం నేను తేల్చలేనా అనుకున్నాను.

ఊరి మీద అభిమానం కొద్దీ లైకా వారి మొదటి పూర్తి నిడివి సినిమా ఏమిటా అని ఫోనులో వెతికాను. 2009లో వచ్చిన 'కోరలైన్' అట. దర్శకుడు హెన్రీ సెలిక్. నీల్ గైమన్ రాసిన నవల ఆధారం. ఇక ఫలితాల కోసం చూశాను. విమర్శకుల అభిప్రాయాలు పోగుచేసే 'రాటెన్ టమాటోస్' అనే వెబ్‌సైటులో నూటికి తొంభై! రోజర్ ఎబర్ట్ అనే మహా విమర్శకుడు నాలుగు నక్షత్రాలకు మూడు ఇచ్చాడు. అంటే డెబ్బై అయిదు శాతం. డిస్టింక్షనే. ఆస్కారు పోటీ దాకా కూడా వెళ్ళింది. ఇంకేం కావాలి? నక్షత్రాల కింద ఇంగ్లీషులో బారెడు రాత కనిపించింది కానీ, మార్కుల జాబితా చూశాక జవాబు పత్రం ఎవరు చదువుతారు?

"ఎక్కడ చూశారు ఈ మార్కులు?" అని మా ఆవిడ అడిగింది.

"కుళ్ళిన టమాటాలు అని, పెద్ద పేరున్న చోటే."

"కుళ్ళిన టమాటాలను నమ్మి పిల్లకు సినిమా చూపిస్తారా?"

కూరగాయల బేరానికీ కళావిమర్శకూ తేడా తెలియని మనిషితో వాదన ఎందుకని టీవీ పెట్టాను.

మొదట్లో అందరం బాగానే ఉన్నాం. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ వెంట్రుకవాసి జరిపి ఇంకో ఫొటో, అలా 24 ఫొటోలు కలిస్తే తెర మీద ఒక్క సెకను అని అల్లుడు చెప్పింది నేను మనవరాలికి అప్పజెప్పాను. ఆ జానెడు బొమ్మలు తొడుక్కున్న స్వెట్టర్లను వెంట్రుకంత సన్నని సూదులతో నిజంగానే అల్లారని చెబితే మా ఆవిడ కూడా కళ్ళజోడు సవరించుకుని ముందుకు జరిగింది. తోటలో చెట్ల పువ్వులు రంగు వేసిన పాప్‌కార్న్ అని చెప్పగానే మనవరాలు తన గిన్నెలోంచి ఒక పువ్వు తీసి నా నోట్లో పెట్టింది. జీవితం సుఖంగా ఉంది.

కథ ఏమిటంటే, కోరలైన్ అనే పిల్ల తల్లిదండ్రులకు తీరిక ఉండదు. గోడలో చిన్న తలుపు దొరుకుతుంది. అవతల అచ్చు ఇలాంటి ఇల్లే, ఇలాంటి అమ్మే ఉంటారు. ఆ అమ్మ కమ్మగా వండి పెడుతుంది, ఎంతో ముద్దు చేస్తుంది. కళ్ళుండాల్సిన చోట మాత్రం రెండు నల్లటి గుండీలు ఉంటాయి.

"వంట బాగానే చేస్తోంది" అని మా ఆవిడ కాస్త సానుభూతి చూపించింది.

కాసేపటికి ఆ గుండీల తల్లి బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. అందులో రెండు గుండీలు, సూది, దారం. నువ్వూ కుట్టించుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చు అంది. మనవరాలు నా శాలువాలో దూరింది. "భయమేస్తోందా?" అని అడిగాను. "లేదు తాతయ్యా" అని శాలువాలోంచే జవాబు. మా ఆవిడ నావైపు చూసిన చూపు నేను పట్టించుకోలేదు. తొంభై మార్కుల సినిమాను సగంలో ఆపడమా?

సినిమా అయ్యేదాకా పిల్ల కిక్కురుమనలేదు. బాగా నచ్చిందని రాసుకున్నాను.

ఇక రాత్రి తొమ్మిదిన్నరకు జరిగినది. మర్నాడు గుడికి వేసుకోవాల్సిన నా తెల్లచొక్కాకు రెండో గుండీ ఊడిందని మా ఆవిడ కనిపెట్టింది. తను ఏ దేశం వెళ్ళినా సూట్‌కేసులో ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టుకుంటుంది. గుండ్రటి రేకు డబ్బా. అందులో బిస్కెట్లు ఏనాడూ ఉండగా చూసినవాళ్ళు లేరు. సూదులు, దారపు ఉండలు, నలభై ఏళ్ళుగా పోగుచేసిన గుండీలు ఉంటాయి. అది పట్టుకుని, మనవరాలి గదిలో దీపం బాగుంటుందని మంచం పక్కన కుర్చీ వేసుకుంది. దారం కొస నోట్లో తడిపి, సూది దీపానికెత్తి, ఎక్కించబోయి నాలుగుసార్లు ఓడిపోయింది. నిద్రపట్టక దొర్లుతున్న పిల్లవైపు తిరిగి, రోజూ అన్నట్టే ముద్దుగా అంది:

"బంగారు తల్లీ, నీ కళ్ళు ఒకసారి ఇవ్వమ్మా!"

ఆ కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి డబ్బా బోర్లా పడి గదినిండా గుండీలు దొర్లుతున్నాయి. మా ఆవిడ సూది చేత్తో పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది. మనవరాలు స్నానాల గదిలో గడియ పెట్టేసుకుంది.

"అమ్మమ్మనే తల్లీ, తలుపు తియ్యి" అని మా ఆవిడ.

"నువ్వు నిజం అమ్మమ్మవేనా?"

"నిజం అమ్మమ్మనే. అప్పచ్చులు పెడతాను, రా."

అప్పచ్చుల మాటతో లోపల ఏడుపు ఇంకాస్త పెరిగింది. తిండి పెట్టి పిలవడమే కదా ఆ రెండో అమ్మ పద్ధతి! ఎంత ముద్దుగా పిలిస్తే అంత అనుమానం. పావుగంట బతిమాలాక మా ఆవిడకు ఓపిక నశించి నామీద విరుచుకుపడింది.

"బడిపంతులు అయ్యుండి అంకెలు తప్ప అక్షరాలు చదవడం రాదా మీకు? పేరులోనే కోరలు ఉన్నాయి, అదైనా చూసుకోవద్దా? పెళ్ళయిన నాటినుంచీ ఇంతే! సంబంధానికి వచ్చినప్పుడు కూడా మా జాతకం చూశారు కానీ..."

జాతకం దగ్గరకు వచ్చేసరికి గడియ టక్కున తెరుచుకుంది. మనవరాలు వచ్చి అమ్మమ్మ నడుము వాటేసుకుంది. "తిడుతోంది. నిజం అమ్మమ్మే" అంది.

అర్ధరాత్రి ఇంటికొచ్చిన అల్లుడు కాలికింద గుండీ గుచ్చుకోవడంతో విషయం తెలుసుకున్నాడు. నవ్వు ఆపుకుంటూ, ఆ తొంభై నేను అనుకున్న తొంభై కాదని చెప్పాడు. నూరుమంది విమర్శకులు చూస్తే తొంభైమంది బాగుందన్నారని మాత్రమే దానర్థమట. ఎంత బాగుంది, ఎవరికి బాగుంది అన్నది ఆ అంకెలో ఉండదట. అప్పుడు వెళ్ళి ఎబర్ట్ గారి రాత చదివాను. ధైర్యమున్న పిల్లలకు ఏ వయసైనా సరేనని దర్శకుడు అన్నాడట. దానికి ఎబర్ట్, ఎంత ధైర్యమున్నా ఒక వయసు లోపు పిల్లలకు ఇది పీడకలలకు మేత అని రాశాడు. ఆయన ఇచ్చిన మూడు నక్షత్రాలూ ఆ మేతను కలుపుకునే! ఆ ఏడాది బొమ్మల సినిమాలకిచ్చే ఆస్కారు గెలిచిన సినిమా 'అప్' అని కూడా అప్పుడే తెలిసింది. అందులో కథానాయకుడు నాలాంటి ముసలాయన, ఇంటికి బుడగలు కట్టుకుని ఎగిరిపోతాడట. అదైనా పెట్టి ఉండాల్సింది.

మా అమ్మాయి మాత్రం నన్ను తిట్టలేదు. ఈ నవల గురించి గైమన్ చెప్పే ఒక సంగతి చెప్పింది. ఇది పిల్లలకు మరీ భయంగా ఉంటుందని ఆయన ఏజెంటు సందేహిస్తే, మీ అమ్మాయికి చదివి వినిపించి చూడండి అన్నాడట. ఆ పిల్ల భయం లేదంది, పుస్తకం అచ్చయింది. ఏళ్ళు గడిచాక ఆ పిల్లే చెప్పిందట, నిజానికి వణికిపోయానని, ఆ మాట అంటే చదవడం ఆపేస్తారని దాచానని.

పొద్దున్నే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"నిన్న శాలువాలో నిజంగానే భయం వెయ్యలేదా?"

"వేసింది."

"మరి లేదన్నావే?"

"నువ్వు ఆపేస్తావు కదా తాతయ్యా" అని, నేను మొద్దునన్నట్టు చూసింది. తరువాత నా చొక్కా గుండీలన్నీ ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టి, రెండోది లేదని తేల్చుకుని, ఆ చోట తనే జాగ్రత్తగా ఒక పిన్నీసు పెట్టింది.

గుడికి అలాగే వెళ్ళాను.