ప్రస్థానం పెట్టిన బ్యాగు

బ్యాంకులో రిటైరైన రెండేళ్లకు నాకు మళ్లీ పని దొరికింది. స్టాక్ ఆడిట్. రైస్ మిల్లులకు బ్యాంకు అప్పిస్తుంది కదా, ఆ అప్పుకు హామీగా చూపించిన వడ్లు నిజంగా గోదాములో ఉన్నాయా, కాగితం మీదే ఉన్నాయా అని పోయి చూసి రావడం. అరవై రెండేళ్ల వయసులో ఇంట్లో కూర్చుని రాశిఫలాలు చదవడం కన్నా ఇది నయమనిపించి ఒప్పుకున్నాను. ఆరు రోజుల్లో ఐదు మిల్లులు. హుజూరాబాద్, జమ్మికుంటల మధ్య ఒకటి, జమ్మికుంట దాటాక ఒకటి, పెద్దపల్లి చుట్టుపక్కల రెండు, చివరికి మంథని దగ్గర ఒకటి. సొంత కారు, సొంత డ్రైవింగు.

"నేనొక్కణ్నే పోయొస్త" అన్నాను మా ఆవిడతో.

"షుగర్ గోళి ఎవరు యాది చేస్తరు?" అంది.

ఫోన్‌లో అలారం పెట్టుకుంటానన్నాను. "నాకు గూడ పనుంది" అంది అప్పుడు అసలు సంగతి. పెద్దపల్లిలో వాళ్ల అన్న కూతురి పెళ్లి. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్లివాళ్లవి మొత్తం ఇరవై రెండు జాకెట్లు, కొలతలు తీసుకోవాలి. ఒక్కోదానికి ఎంత తీసుకుంటుందో నాకు తెలుసు కనుక మనసులోనే గుణించి చూశాను. ఈ ప్రయాణంలో సంపాదించేది ఎవరో, డ్రైవరు ఎవరో తేలిపోయింది.

తర్వాత ప్రోగ్రాం కూడా మారిపోయింది. మంథని దాకా పోతున్నాం కనుక కాళేశ్వరం వెళ్లాలట. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, అక్కడిదాకా పోయి దండం పెట్టకుండా వస్తే ఎట్లా? వచ్చేటప్పుడు భూపాలపల్లి మీదుగా రామప్ప. నా దారి మిల్లు నుంచి మిల్లుకు. ఆమె దారి చుట్టం నుంచి చుట్టానికి, మధ్యమధ్యలో దేవుళ్లు.

సంక్రాంతి తర్వాత వచ్చిన సోమవారం పొద్దున ఆరింటికి బయలుదేరాలని నేను నిర్ణయించాను. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. ఆరింటికి బయలుదేరితే రాహువుకూ మనకూ సంబంధమే ఉండదని నా వాదన.

"మనం ఆరింటికి బయల్దేరేటోళ్లమా?" అంది మా ఆవిడ. ముప్పై నాలుగేళ్ల సంసారం ఆ మాటలో ఉంది. "దేనికైనా మంచిది, ప్రస్థానం పెడదాం."

ప్రస్థానం అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. మంచి గడియలో మనం బయలుదేరలేమని అనుమానం ఉంటే, ఆ గడియలోపు మన సామాను ఒకటి తీసుకెళ్లి పక్కింట్లో పెడతాం. సామాను గడప దాటింది కనుక మనమూ బయలుదేరినట్టే. తర్వాత ఎప్పుడు పోయినా, పోతూపోతూ దాన్ని తీసుకుపోతే చాలు. బ్యాంకులో దీన్నే బ్యాక్ డేటింగ్ అంటారు, దొరికితే మెమో ఇస్తారు. కానీ ఇంట్లో నాకు ఆడిట్ అధికారం లేదు.

పొద్దున ఐదుంపావుకు, చలిలో మఫ్లర్ చుట్టుకుని, ఎదురింటి పెద్దమ్మ వాళ్ల వరండాలో బ్యాగు పెట్టి వచ్చాను. ప్రయాణానికి ముఖ్యమైన వస్తువైతేనే ఫలం అని మా ఆవిడ చెప్పడంతో నా ఆఫీసు బ్యాగే పెట్టాను. ఫైళ్లు, రబ్బరు స్టాంపు, క్యాలిక్యులేటర్, నోట్‌బుక్, ముప్పై మీటర్ల స్టీలు టేపు అన్నీ అందులోనే. ఈ బ్యాగును గుర్తుంచుకోండి. మేం గుర్తుంచుకోలేదు.

ఒకసారి ప్రస్థానం పెట్టాక మా ఇద్దరికీ తొందర పోయింది. ఎట్లాగూ బయలుదేరిపోయాం కదా. నింపాదిగా టీ తాగాం. మా ఆవిడ డిక్కీ సర్దింది. సకినాల డబ్బా, సర్వపిండి, మామిడికాయ తొక్కు, పెద్దపల్లి వాళ్లకని అరిసెలు, దుప్పట్లు, దారిలో కారు చెడిపోతే కూర్చోవడానికి చాప, కుట్టుపని సంచి. రామప్ప గుడి కట్టినవాళ్లు శిఖరం బరువు తగ్గాలని నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. అది 1213 నాటి మాట. అంత పాత ఉపాయం మా డిక్కీ దాకా ఇంకా రాలేదు. వెనక టైర్లు కనిపించనంతగా కారు కిందికి కుంగింది.

ఎనిమిదిన్నరకు, అంటే రాహుకాలం నట్టనడుమ, దర్జాగా కూర్చుని తాళం తిప్పాను. కారు ఒకసారి దగ్గి ఊరుకుంది.

అప్పు కిస్తీ తొంభై రోజులు దాటినా రాకపోతే ఆ ఖాతాను బ్యాంకువాళ్లు ఎన్‌పీఏ కింద రాస్తారు. నిరర్థక ఆస్తి. మా కారును చివరిసారి దసరాకు బయటికి తీశాం. దసరా నుంచి సంక్రాంతికి తొంభై రోజులు దాటాయి. ఇన్నేళ్లు ఆ రూలును ఊళ్లోవాళ్ల మీద అమలు చేసినవాణ్ని, నా ఇంటి ముందు నిలబడ్డ ఎన్‌పీఏను చూసుకోలేదు.

పాలబ్బాయి, పేపరబ్బాయి, వాకింగ్ నుంచి వస్తున్న ఇద్దరు రిటైర్డ్ సార్లు కలిసి నెట్టారు. రిటైర్డ్ సార్లు నెట్టలేదనుకోండి, ఎట్లా నెట్టాలో చెప్పారు. సెకండ్ గేరులో వేసి క్లచ్చి వదిలితే మూడో ప్రయత్నానికి ఇంజను అందుకుంది. "ఆపకుండ్రి సార్, ఆపితే మళ్ల స్టార్ట్ గాదు!" అని పాలబ్బాయి అరిచాడు. మా ఆవిడ ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో నీళ్ల సీసా పట్టుకుని, కదులుతున్న కార్లోకి ఎక్కింది. యాభై ఏడేళ్ల మనిషి కదులుతున్న బస్సెక్కే కాలేజీ పిల్లలా ఎక్కితే నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

అద్దంలో చూస్తే ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గరికి వచ్చి, చెయ్యి పైకెత్తి ఊపుతోంది. ఏదో అంటోంది కూడా. "పైలంగ పోయిరమ్మంటాంది పాపం" అంది మా ఆవిడ. మేమిద్దరం వెనక్కి తిరిగి చెయ్యి ఊపాం. పెద్దమ్మ ఇంకా గట్టిగా ఊపింది. మేమూ ఇంకా గట్టిగా ఊపాం. ఈ కాలంలో ఇంత ప్రేమగా సాగనంపేవాళ్లు ఎవరున్నారు?

హనుమకొండలో కేయూ క్రాస్ దాటి, హసన్‌పర్తి దాటి, ఎల్కతుర్తి దగ్గర టీకి ఆగాం. ఆగాం అంటే ఇంజను ఆపలేదు. మా ఆవిడ తాగుతుంటే నేను కార్లో కూర్చున్నాను, నేను తాగుతుంటే మా ఆవిడ కార్లో కూర్చుంది. డ్రైవింగ్ రాని మనిషి లోపల కూర్చుంటే ఏం లాభమని అడిగితే, "ఆగిపోతే చెప్త" అంది. హోటలాయన "డీజిల్ ఫ్రీగా వస్తాందా సారూ?" అన్నాడు. పెట్రోలు అని చెప్పి ఇంకా చులకనవడం ఎందుకని ఊరుకున్నాను. డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడకూడదన్న నియమంతో నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఆమె ఫోన్ సకినాల డబ్బా కింద ఎక్కడో ఉంది.

మిల్లుకు చేరాక, ధైర్యం చేసి ఇంజను ఆపి, డిక్కీ తెరిచాను. సకినాలున్నాయి, తొక్కుంది, చాప ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెద్దమ్మ ఎత్తి ఊపిన చెయ్యి ఇద్దరికీ ఒకేసారి కళ్లముందు ఆడింది. ఆ చేతిలో నల్లగా ఏదో ఉంది.

ఫోన్ తీస్తే పెద్దమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. చేశాను.

"నేను బ్యాగు పట్టుకొని ఊపుతనే ఉన్న గద బిడ్డా. నువ్వు గూడ ఊపితివి."

"పెద్దమ్మా, మీ మనుమనితోని బస్సులో పంపిస్తరా? జమ్మికుంటలో తీసుకుంట."

"వాడు కాలేజీకి పోయిండు. వచ్చేసరికి దీపాలు వెట్టే యాళ్ల ఐతది. దీపం వెట్టినంక ఇంట్ల సామాను బయటికియ్యను. రేపు మంగళారం. బుధారం పంపుత, రంది వెట్టుకోకు. బ్యాగు దేవునర్రల వెట్టిన."

మంచి గడియలో బయలుదేరిన బ్యాగు పూజగదిలో కూర్చుంది. చెడు గడియలో బయలుదేరిన మేం మిల్లు ముందు నిలబడ్డాం.

బ్యాంకు ఇచ్చిన లెటరు ఫోన్‌లో మెయిల్‌గా ఉండబట్టి గుమాస్తా లోపలికి రానిచ్చాడు. అయినా సకినాల డబ్బా వైపు ఒకసారి అనుమానంగానే చూశాడు. మిల్లులో సగం సర్కారు వడ్లు. సివిల్ సప్లయిస్ వాళ్లు మర ఆడించడానికి ఇస్తారు. క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు తిరిగి అప్పజెప్పాలి. ఆ వడ్లు మిల్లరువి కావు కనుక బ్యాంకు అప్పు లెక్కలోకి రావు. అవి నలభై కిలోల బస్తాల్లో లాట్లుగా పేర్చి, వేరుగా ఉన్నాయి. మిల్లరు సొంత వడ్లు మాత్రం షెడ్డులో, గోడకానించి కుప్పగా పోసి ఉన్నాయి. బస్తాలైతే లెక్కపెట్టొచ్చు. కుప్పను కొలవాల్సిందే. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, వాలు తీసేసి, ఘనపు మీటరుకు ఐదారు క్వింటాళ్ల చొప్పున లెక్కగట్టాలి.

మిల్లులో టేపు అడిగితే, మిస్త్రీ తీసుకుపోయాడన్నారు. గుమాస్తా కుర్రాడు ఫోన్‌లో కొలిచే యాప్ ఉందన్నాడు. ఫోన్‌ను కుప్పకు చూపించి నడిచాడు. మొదటిసారి పదకొండు అడుగులు వచ్చింది. రెండోసారి తొంభై మూడు. మూడోసారి ఫోన్ వేడెక్కింది.

అప్పుడు మా ఆవిడ తన కుట్టుపని సంచిలోంచి మడతపెట్టిన పసుపుపచ్చ టేపు తీసింది. అరవై అంగుళాలది.

"ఇదేమన్న టేపా?" అన్నాను.

"మీరు రిటైరైనంక కూడా నడుస్తున్న టేపు" అంది.

ఇక కొలత మొదలైంది. ఒక కొస మా ఆవిడ పట్టుకుంది, ఇంకో కొస నేను. ఐదడుగులు కాగానే నేలమీద సుద్దముక్కతో గీత, మళ్లీ అక్కణ్నుంచి ఐదడుగులు. నా మోకాళ్లు ప్రతి గీతకూ ఒక చప్పుడు చేశాయి. "లూజు పట్టకుండ్రి. అరంగుళం తేడా వస్తే సంక దగ్గర పట్టేస్తది" అని మా ఆవిడ గదమాయించింది. ఇవి వడ్లు, వీటికి సంకలుండవని చెప్పాను. "వడ్లకైనా లూజు వద్దు" అంది. ఆ మాట నా సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ అనలేదు.

హమాలీలు పని ఆపి వరసగా కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన బీడీ వెలిగించుకుని, "సారూ, చేతులు పొట్టియి పెడ్తరా, మోచేతిదాకనా?" అన్నాడు. నేను విననట్టు ఏడో గీత గీశాను.

ఈలోపు మిల్లరు తల్లి బయటికి వచ్చింది. "ఏ ఊరు బిడ్డా మీది?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలై, టేపు తొమ్మిదో మలుపుకు వచ్చేసరికి ఆమె పుట్టిల్లు పరకాల అనీ, మా ఆవిడ చిన్నమ్మ మెట్టినిల్లూ అదే వాడ అనీ తేలింది. పన్నెండో మలుపుకు ఆమె మా ఆవిడకు అత్తమ్మ అయింది. ఇంకో రెండు మలుపులు పోతే మిల్లరు నాకు బావమరిదై ఆడిటే చెల్లకుండా పోతుందని, చకచకా ముగించాను. లోపల అన్నం వడ్డించారని పిలుపొచ్చింది. ఆడిట్‌కు వచ్చినచోట అన్నం తినకూడదని నేను నియమం చెబుతుండగానే, "ఆయన ఆడిట్‌కొచ్చిండు, నేను చుట్టమై వచ్చిన" అని మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నేను కార్లో కూర్చుని సకినాలు తిన్నాను. లోపలినుంచి పచ్చిపులుసు వాసన వచ్చింది.

నోట్‌బుక్ కూడా బ్యాగులోనే ఉంది కనుక లెక్కలన్నీ మా ఆవిడ కొలతల పుస్తకంలోనే రాశాను. పొడవు 14 టేపులు. అంటే 840 అంగుళాలు. వెడల్పు 7 టేపులు, 420. ఎత్తు ఒకటిన్నర టేపు, 90. మిల్లరు ఇచ్చిన స్టేట్‌మెంటుకూ నా లెక్కకూ పెద్ద తేడా రాలేదు. బట్ట టేపు వాడగా వాడగా సాగుతుందేమోనని ఒక అనుమానం వెలిబుచ్చాను. "నా టేపు సాగితే ఇన్నేండ్లు ఊరంత లూజు జాకెట్లే తొడుక్కుందురు" అంది. రిపోర్టులో 'టేపుతో కొలవడమైనది' అని మాత్రం రాశాను. ఏ టేపు అని బ్యాంకువాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం రెండో మిల్లులోనూ అదే తంతు. అక్కడ హమాలీలు కాస్త మర్యాదస్తులు, మేం వెళ్లేదాకా ఆగి నవ్వారు.

రాత్రికి పెద్దపల్లి చేరాం. స్నానాలు, భోజనాలు అయ్యాక మా ఆవిడ పెళ్లికూతురి కొలతలు తీయడానికి కూర్చుంది. వరండాలో నేను ఒళ్లంతా గోక్కుంటున్నాను. వడ్ల నూగు దురద ఒకసారి పట్టిందంటే అంత తొందరగా వదలదు. రెండు నిమిషాల్లో లోపల పెళ్లికూతురు కూడా మెడ గోక్కోవడం మొదలుపెట్టింది.

"అత్తమ్మా, గీ టేపు ఏంది, దురద వెడ్తాంది?"

"కొత్త టేపు బిడ్డా, గట్లనే ఉంటది" అని మా ఆవిడ నా వైపు ఒక చూపు విసిరి, టేపు దులిపింది. పిల్ల కొలతల పుస్తకం అందుకుని, తన పేజీ వెతుక్కుంటూ ఆగిపోయింది.

"పొడవు ఎనిమిది వందల నలభై... వెడల్పు నాలుగు వందల ఇరవై... అత్తమ్మా, గీ జాకెట్టు ఎవరిది?"

"బ్యాంకోళ్లది" అంది మా ఆవిడ. "ఇంక మూడున్నయి. చేతులు పైకెత్తు."